ఎడమ రాడ్డు మీద మూడు

పేరుపలక ఎవడో ఎప్పుడో పీక్కుపోయాడు.
ఇత్తడి కదా, పూర్ణామార్కెట్ వెనక సందులో
కిలోల లెక్కన కరిగిపోయి ఉంటుంది.
ఇప్పుడెవరింట్లో చెంబై ఉందో,
ఏ గుమ్మానికి గొళ్ళెమై ఉందో.

మర్రిపాలెం వైపు, పాత షెడ్డు గోడవార
తుమ్మకంపలో కూరుకుపోయిన చిన్నింజను.
పట్టాల మధ్య రెండున్నర అడుగులే,
నా లుంగీ పన్నా కంటే తక్కువ.
పెద్ద లైను వాళ్ళు బొమ్మబండి అని నవ్వేవారు.
రిటైరై పదకొండేళ్ళయ్యాక నన్ను పిలిపించారు.
"ఇది ఏ ఇంజనో చెప్పాలి తాతా" అంది
తబస్సుమ్, కొత్తగా వచ్చిన జేఈ.
మెళ్ళో కెమెరా, చెవి మీద పెన్సిలు.

చెప్పడమంటే ఏముంది, గోకడమే.
తీగ బ్రష్షు, కిరసనాయిలు, పాత బనీను గుడ్డ.
పైన వెండి రంగు, ఎవరో పెద్దాయన తనిఖీకొచ్చినప్పటిది.
దానికింద నీలం, దానికింద మళ్ళీ వెండి,
ఆకుపచ్చ, ఒక సిగ్గులేని గులాబీ,
అన్నిటికీ అడుగున
నూనె తాగి తాగి నిగ్గుదేలిన నలుపు.
మధ్యమధ్యలో సముద్రం కూడా పూతలు వేసింది.
మా ఊరి గాలికి ఇనుమంటే
మాకు ఉప్పుచేపంటే ఉన్నంత ఇష్టం.

నాలుగో రోజు ఎడమ రాడ్డు మీద అంకె తేలింది.
మూడు.
తబస్సుమ్ కాయితం పరిచి, పెన్సిలు పడుకోబెట్టి రుద్దితే
ఫొటో కడిగినట్టు మెల్లగా లేచొచ్చింది.
"మూడో నంబరు!" అని గంతేసింది.
నేనేమీ అనలేదు.
ఇనుముతో బతికినవాడు
రెండోవైపు చూడకుండా నవ్వడు.

కుడి రాడ్డు మీద ఏడు.
వాల్వు గేరు మీద మూడు కొట్టేసి ఏడు,
ఏడు కొట్టేసి మళ్ళీ మూడు.
వెనక చక్రం లోపలివైపు పదకొండు.
బాయిలరు మీద అసలు అంకే లేదు.
బాయిలరు ఇల్లరికపుటల్లుడు,
ఎక్కడ పెడితే అక్కడి అన్నం.

ఆ పిల్ల మొహం వాడిపోయింది.
చేతిలో ఫారం. ఇంజను నంబరుకి ఒక గడి,
అసలుదా కాదా అని ఇంకో గడి.

ఏం చెప్పను?
ఆ కొండల కింది లైన్లో, విడిభాగాలు రాని వానాకాలాల్లో
చచ్చినదాని మోకాలు తీసి బతికినదానికి తొడిగేవాళ్ళం.
పొద్దున్న ఆరింటికి బండి కదలాలి, అంతే.
సంతకెళ్ళే చింతపండు బుట్టలు,
పురిటికెళ్ళే పిల్ల, పెళ్ళి డోలు వాయించేవాళ్ళు...
నంబరడిగి ఎక్కినవాళ్ళు లేరు.

తర్వాత, క్రాస్‌హెడ్డు కింద
మట్టీ గ్రీజూ కలిసి రాయైన చోట
నా బొటనవేలికే ముందు తెలిసింది.
మూడు చుక్కలు, పొయ్యిరాళ్ళలా.
పంచితో కొట్టినవి. ఒకటి కొంచెం లోతు.

గేదెల సన్యాసయ్య.
అక్షరం ముక్క రాదు, జీతం పుస్తకంలో వేలిముద్ర.
చేసిన ప్రతి పని కిందా
ఎవరికీ కనపడని చోట మాత్రం ఈ మూడు.
మూడో దెబ్బకి ఊపిరి బిగబట్టేవాడు, అందుకే ఆ లోతు.
నాకప్పుడు పదిహేడేళ్ళు. దీపం పట్టుకున్నది నేనే.
దీపం వణికితే సుత్తి నా వైపు తిరిగేది.

"ఏంటి తాతా అది?"
"మచ్చ" అన్నాను.
ఆమె ఇంకేమీ అడగలేదు.
వెల్లకిలా దూరి, కొత్త కాయితం పెట్టి
దాన్నీ రుద్దుకుంది.

ఆవిరికి పైవాళ్ళు ఒప్పుకోలేదు. రేకు పల్చబడింది,
సుత్తితో తడితే ఒకచోట గంట, ఒకచోట అప్పడం.
రంగు వేసేముందు ఒక్కసారి, ఊరికే,
కంప్రెసర్ గాలి పెట్టి చూశాం.
జానెడు కదిలింది. ఇంకో జానెడు.
మూడూ ఏడూ పదకొండూ ఒకేసారి.
పొగగొట్టంలోంచి గోరింక గూటి పీచు ఎగిరి
తబస్సుమ్ జుట్టులో పడింది.

ఫారంలో ఆ గడి ఖాళీగానే పంపింది.
పెయింటరు గురువులు, కంచరపాలెం వాడు,
పుట్టీ డబ్బా మూత తీసి
గుంతలన్నీ పూడ్చుకుంటూ ఇటే వస్తున్నాడు.
మోకాళ్ళు పట్టేసినా లేవకుండా
నేనిక్కడే కూర్చున్నాను.

ఒరే బాబూ, అక్కడొద్దు.
ఆ మూడింటికీ పుట్టీ పెట్టకు.